ఫిష్ ట్యాంకు ఉన్న గదిలో రూమ్ ఫ్రెషనర్ వాడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదండీ. కూకట్‌పల్లిలో ఫ్లాట్. హాల్లో మూడడుగుల ట్యాంకు పెట్టి నెలన్నర అయింది. నీచు వాసన వస్తోందని ఇంట్లోవాళ్లు అంటే, ట్యాంకుకు కాస్త పైన గోడకు ఆటోమేటిక్‌గా కొట్టే రూమ్ ఫ్రెషనర్ బిగించారు. పది రోజులు తిరక్కుండానే రెండు గౌరామీలు పోయాయి. గోల్డ్ ఫిష్‌లు పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇది ఫ్రెషనర్ వల్లేనా, దాన్ని పూర్తిగా మానేయాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. గదిలో ఎక్కడో ఒక మూల రూమ్ ఫ్రెషనర్ ఉన్నంత మాత్రాన చేపలు చావవు. ట్యాంకు నెత్తిన ఉన్నది మాత్రం ఈ పూటే తీసేయండి. అయితే దాన్ని తీసేయగానే అంతా సర్దుకుంటుందని అనుకోకండి. ఫ్రెషనర్ మీద అనుమానంతో నన్ను పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల అసలు దోషి వేరే తేలింది. ఒకటి దోమల మందు, రెండోది చేపల వ్యర్థాల వల్ల, కుళ్లిన మేత వల్ల నీళ్లలో చేరే అమ్మోనియా. మీ ఇంట్లో ఈ మూడూ కలిసి పనిచేస్తున్నాయేమోనని నా అనుమానం. ఎందుకో కింద రాస్తాను.

నేను విజయవాడలో 17 ఏళ్లుగా ఇళ్లకూ ఆఫీసులకూ అక్వేరియంలు పెట్టి, నెలనెలా వెళ్లి శుభ్రం చేసే పనిలో ఉన్నాను. పుట్టి పెరిగింది కైకలూరు దగ్గర, చేపల చెరువుల మీద. పక్క పొలంలో పురుగుమందు కొడుతుంటే, గాలి ఎటు వీస్తోందా అని మా నాన్న గట్టు మీద నిలబడి చూసేవాడు. గాలిలో వచ్చిన మందు నీళ్లలో ఏం చేస్తుందో నాకు అక్కడే తెలిసింది.

ముందు మీ ఎయిర్ పంపు ఎక్కడుందో చూడండి. చేపలు నీళ్లలో కదా ఉండేది, గదిలో గాలితో వాటికేం పని అనుకుంటాం. ట్యాంకు పక్కన గుర్రుమంటూ ఉండే ఆ చిన్న డబ్బా చేసే పనల్లా మీ హాల్లో గాలిని పీల్చి నీళ్ల అడుగుకు కొట్టడమే. చిన్న పంపు కూడా నిమిషానికి సుమారు 3 లీటర్ల గాలి కొడుతుంది. రోజంతా తిరిగితే 4,300 లీటర్లు. పది అడుగులు, పన్నెండు అడుగుల గదిలో, కప్పు పది అడుగుల ఎత్తుంటే, ఉండే గాలి మొత్తం 34,000 లీటర్లు. లెక్కేసుకోండి, ఎనిమిది రోజుల్లో ఒక గదికి సరిపడా గాలి బుడగలుగా మీ చేపల మధ్యలోంచి పోతుంది.

పంపును ప్లగ్ తీసి తిరగేయండి. అడుగున చిన్న కన్నం, దానికి అడ్డంగా ఫెల్ట్ ముక్క ఒకటి ఉంటుంది. అది దుమ్మును ఆపుతుంది, వాసనను ఆపదు. ఆ ముక్కను బయటికి తీసి వాసన చూడండి. నేను ఏ ఇంటికెళ్లినా నీళ్లకంటే ముందు దాన్నే చూస్తాను. అగరుబత్తి వాసన రావచ్చు, సిగరెట్ వాసన రావచ్చు, తిరగమోత వాసన కూడా రావచ్చు. ఒకసారి ఒక లాయరు గారి ఆఫీసులో పంపు ఫెల్ట్ తీస్తే అచ్చం మల్లెపూల వాసన. ఆయన టేబుల్ కింద ప్లగ్‌లో పెట్టే ఫ్రెషనర్, దాని పక్కనే పంపు.

ఇక ఫ్రెషనర్‌లో ఏముంటుంది? డబ్బాలోంచి కొట్టే రకమైతే బయటికి తోసే గ్యాసు, అంటే బ్యూటేన్, ప్రొపేన్ లాంటివి. దాంతోపాటు ఆల్కహాల్, సువాసన నూనెలు. గ్యాసు నీళ్లలో పెద్దగా కరగదు, వచ్చిన దారినే పోతుంది. ఆల్కహాల్ బాగా కరుగుతుంది. కాస్త కరిగితే చేపను చంపదు గానీ నీళ్లలో బ్యాక్టీరియాకు అది విందు భోజనం. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రపు చేపల ట్యాంకులు పెట్టేవాళ్లు కొందరు నైట్రేట్ అనే వ్యర్థాన్ని తగ్గించడానికి కావాలనే చుక్కలు చుక్కలుగా వోడ్కా పోస్తారు. సూత్రం ఇదే. అక్కడ కొలిచి పోస్తారు, మీ గోడ మీద మిషన్‌కు కొలత తెలియదు.

అసలు ఇబ్బంది సువాసన నూనెలతో. నిమ్మ, నారింజ వాసన వచ్చేవాటిలో లిమోనీన్ ఉంటుంది. మనం పళ్లు ఒలిస్తే తొక్కలోంచి చిమ్మే నూనె అదే. నీటి జీవులకు చాలా విషపూరితం అని రసాయనాల వర్గీకరణలోనే దాన్ని పెట్టారు. ‘నేచురల్’ అని డబ్బా మీద రాసి ఉంటే చేపకు ఒరిగేదేమీ లేదు. మనకు ఊరట కలిగించే విషయం ఏంటంటే, ఇవి నీళ్లలో కరగడానికి ఇష్టపడవు. ఆవిరి రూపంలో గదంతా పలచగా ఉన్నప్పుడు నీళ్లలోకి చేరేది తక్కువ, చేరినదీ బుడగలతో పాటు మళ్లీ బయటికి పోతుంది. అందుకే గదిలో ఫ్రెషనర్ వాడే ఇళ్లలో కూడా లక్షణంగా చేపలు బతుకుతున్నాయి.

కానీ తుంపర వేరు, ఆవిరి వేరు. మీది తుంపర కొట్టే మిషన్. వీటికి సాధారణంగా 9, 18, 36 నిమిషాలకోసారి కొట్టేలా మూడు సెట్టింగులు ఉంటాయి. 36 మీద పెట్టినా రోజుకు 40 సార్లు. 9 మీద పెడితే 160 సార్లు. కొట్టిన ప్రతిసారీ సన్నటి చినుకుల్లో కొన్ని కిందికే వస్తాయి. కింద మీ ట్యాంకు ఉంది. నీళ్లలో కరగని నూనె నీటి మీద పొరలా పరుచుకుంటుంది. ట్యూబ్‌లైటు వేసి, ట్యాంకు అంచు దగ్గర కళ్లు పెట్టి నీటి పైభాగాన్ని ఏటవాలుగా చూడండి. ఇంద్రధనుస్సు రంగులో జిడ్డు తేలుతుంటే సంగతి తేలిపోయినట్టే. ఆ పొర ఉంటే గాలిలోని ఆక్సిజన్ నీళ్లలోకి దిగడం మందగిస్తుంది. మేత జిడ్డు కూడా ఇలాగే తేలుతుంది, కాబట్టి పొర కనబడగానే ఫ్రెషనర్‌దే అనేయకండి. వాసన చూస్తే తేడా తెలుస్తుంది.

ఇక్కడ మీ గౌరామీల సంగతి. ఫైటర్, గౌరామీ, మన కొర్రమీను, ఇవన్నీ నీటి పైకి వచ్చి గుటకేసి గాలి పీల్చుకునే జాతులు. ఫైటర్‌కూ గౌరామీకీ తలలో దానికోసం ప్రత్యేకమైన అవయవమే ఉంది. కేవలం ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే ముందు గోల్డ్ ఫిష్‌లు పోవాలి, గౌరామీలు ఆఖర్న పోవాలి. మీ ట్యాంకులో తిరగబడింది. అంటే మూతకూ నీటికీ మధ్య ఉన్న ఆ నాలుగు వేళ్ల జాగాలో గాలి బాగోలేదనో, నీటి పైపొర బాగోలేదనో అనుమానించాలి. ఇదొక్కటే రుజువు కాదు. గౌరామీలకు వాటి జబ్బులు వాటికున్నాయి, కొనేటప్పుడే తెచ్చుకుని ఉండొచ్చు. అన్నట్టు గోల్డ్ ఫిష్‌నూ గౌరామీనీ ఒకే ట్యాంకులో పెట్టమని మీకెవరు చెప్పారో గానీ, అది మంచి జోడీ కాదు. ఒకదానికి చల్లటి నీళ్లు కావాలి, రెండోదానికి వెచ్చటివి. సరే, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

మిగతా రకాల గురించి త్వరగా చెప్పేస్తాను. జెల్ డబ్బాలు, బీరువాలో వేలాడదీసే సాచెట్లు గదికి ఆ చివర ఉంటే నాకు అభ్యంతరం లేదు. సీసాలో పుల్లలు గుచ్చే రకం కూడా అంతే, కానీ దాన్ని తెచ్చి ట్యాంకు మూత మీద అలంకారంగా పెడతారు చూడండి, అది చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. పిల్లాడి చెయ్యి తగిలి సీసా ఒరిగితే ఆ నూనె మొత్తం నీళ్లలోకే. నీళ్లలో నూనె చుక్కలు వేసి పొగమంచులా వదిలే డిఫ్యూజర్లు ట్యాంకు ఉన్న గదిలో వద్దు, అవి కూడా తుంపర లెక్కలోకే వస్తాయి. బాత్‌రూముల్లో వేలాడదీసే బిళ్లలు, కలరా ఉండలు ట్యాంకు స్టాండు కింద అరలో పెట్టకండి. స్టాండు లోపలే పంపు ఉంటుంది కాబట్టి ఆ ఆవిరంతా నేరుగా నీళ్లలోకే. బొద్దింకలు రాకుండా అని సరిగ్గా అక్కడే వేస్తారు జనం. ఇంకొకటి, ‘క్రిములను చంపుతుంది’ అని రాసి ఉన్న స్ప్రేలు. వాటిలో చాలావాటిలో బెంజాల్‌కోనియం క్లోరైడ్ లాంటివి ఉంటాయి. అవి సోఫా మీద క్రిములకూ చేప మొప్పలకూ తేడా చూడవు. ట్యాంకు అద్దాలు తుడిచే స్ప్రే కూడా గుడ్డ మీద కొట్టుకుని తుడవండి, అద్దం మీద నేరుగా కొట్టకండి.

ఇప్పుడు అసలు దోషి దగ్గరికొద్దాం. దోమల మందు. మీ ప్రశ్నలో దాని మాటే లేదు. కానీ హైదరాబాదులో సాయంత్రం ఆరు దాటాక దోమల లిక్విడ్ పెట్టని ఇల్లు ఎక్కడుంది? అది సువాసన వేస్తుంది కాబట్టి చాలామంది దాన్ని కూడా ఫ్రెషనర్ లెక్కలోనే వేస్తారు. అది పురుగుమందు. సీసా వెనక చిన్న అక్షరాల్లో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ అనో ప్రాలెత్రిన్ అనో ఉంటుంది, పక్కన 0.88 శాతమో 1.6 శాతమో రాసి ఉంటుంది. ఇవి పైరెత్రాయిడ్లు. మన ఒంట్లోకి వెళ్తే లివర్ వాటిని త్వరగా విరగ్గొట్టేస్తుంది. చేపకు ఆ శక్తి చాలా తక్కువ, పైగా మొప్పల గుండా అవి నేరుగా రక్తంలోకి దిగుతాయి. నరాల మీద పనిచేస్తాయి. చేప ఒక్కసారిగా బాణంలా దూసుకుపోవడం, వంకర్లు తిరగడం, పక్కకు ఒరిగి గుండ్రంగా తిరగడం, ఇవీ లక్షణాలు.

ఎంత ఉంటే ప్రమాదమో చెబితే మీరు నమ్మరు. లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలో వంతు. ట్రాన్స్‌ఫ్లూత్రిన్ ఆ స్థాయిలోనే చేపల్ని చంపగలదు. మీ ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు అయితే గులకరాళ్లు పోగా అందులో సుమారు 110 లీటర్లు పడతాయి. అంటే 110 మైక్రోగ్రాములు చాలు. 1.6 శాతం లిక్విడ్ ఒక మిల్లీలీటరులో మందు 12,000 మైక్రోగ్రాముల పైనే ఉంటుంది, రాత్రికి దాదాపు ఒక మిల్లీలీటరు ఆవిరవుతుంది. అందులో నూటికి ఒక వంతు నీళ్లలోకి వెళ్తే సరిపోయింది. మామూలుగా అంత వెళ్లదు. గోడలకు, కర్టెన్లకు, కిటికీలోంచి బయటికి పోతుంది, కొంత వెలుతురుకు విరిగిపోతుంది. అందుకే హాల్లో ఆ మూల లిక్విడ్, ఈ మూల ట్యాంకు ఉన్న ఇళ్లు ఏళ్ల తరబడి బాగానే నడుస్తున్నాయి. తేడా అంతా దూరంలో ఉంది, పంపు నోరు ఎక్కడుందన్న దానిలో ఉంది.

లబ్బీపేటలో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. ట్యాంకు వెనక ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. అందులో లైటు, ఫిల్టరు, ఎయిర్ పంపు. నాలుగో సాకెట్ ఖాళీగా ఉందని దోమల మిషన్ దానికి పెట్టారు. పంపుకూ దానికీ మధ్య జానెడు దూరం లేదు. రెండో రోజుకు ఎర్ర రొయ్యపిల్లలన్నీ పోయాయి. నాలుగో రోజు నియాన్ టెట్రా చేపలు గింగిరాలు తిరగడం మొదలెట్టాయి. వాళ్లు కొత్తగా కొన్న ప్లగ్ ఫ్రెషనర్ వల్లేనని ఫోన్ చేశారు. ఆ ఫ్రెషనర్ వంటింటి గోడకు ఉంది! మిషన్ తీయించి, సగం నీళ్లు మార్చి, ఫిల్టర్‌లో కొత్త కార్బన్ (మందును పట్టుకునే ప్రత్యేకమైన బొగ్గు) వేస్తే మిగిలిన టెట్రాల్లో ఎక్కువ బతికాయి. రొయ్యలు పురుగు జాతికి దగ్గరి చుట్టాలు కదా, ఈ మందులకు అవే ముందు పోతాయి. ఉన్నట్టుండి రొయ్యలు పోయి చేపలు బాగుంటే నేను మొదట దోమల మందు గురించే అడుగుతాను.

నేనే చేసిన పాపం కూడా ఒకటి ఉంది. 2011లో నాకు చిన్న షాపు ఉండేది. గాజు సీసాల్లో 40 ఫైటర్లు, ఒక్కోదాంట్లో లీటరు నీళ్లు. బొద్దింకలు ఎక్కువయ్యాయని ఒక రాత్రి స్ప్రే కొట్టి షట్టర్ వేసి ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే 26 పోయాయి. అద్దాల అలమరలో ఉన్నవి మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. చెరువు గట్టు మీద గాలి చూసే మనిషి కొడుకును, మూసిన గదిలో మందు కొట్టి తలుపేశాను. ఆ నెల అద్దె అప్పు చేసి కట్టాను. అప్పటినుంచీ లీటరు సీసాలో ఫైటర్‌ను పెట్టుకుని పక్కన ఏదో ఒకటి వెలిగించేవాళ్లను చూస్తే ఊరుకోలేను. నీళ్లు ఎంత తక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. 110 లీటర్లలో లెక్కలోకి రానిది ఒక లీటరులో ప్రాణం తీస్తుంది.

అగరుబత్తి, సాంబ్రాణి గురించి మీరు అడగలేదు గానీ తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. రోజూ దేవుడి దగ్గర రెండు కడ్డీలు వెలిగించుకోండి, ఏం కాదు. శుక్రవారం సాంబ్రాణి వేసి ఇల్లంతా తిప్పేటప్పుడు ఆ అరగంట పంపు ఆపేసి, కిటికీ తీసి, పొగ పోయాక మళ్లీ వేయండి. దోమల కాయిల్, దోమల అగరుబత్తి మాత్రం ట్యాంకు ఉన్న గదిలో అసలే వద్దు. ఖాళీ లిక్విడ్ సీసాలో వేపనూనె, కర్పూరం కలిపి పెట్టే చిట్కా ఒకటి ఇంటింటా తిరుగుతోంది. కర్పూరం ఆవిరి కూడా పంపులోకే పోతుంది, దూరంగా పెట్టుకోండి.

అన్ని వాసనలూ చంపుతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గుంటూరులో ఒక బ్యూటీ పార్లర్‌లో నేను పెట్టిన ఫ్లవర్ హార్న్ ట్యాంకు ఉంది. పొద్దుటినుంచి రాత్రిదాకా హెయిర్ స్ప్రే, రూమ్ స్ప్రే, నెయిల్ పాలిష్ తుడిచే అసిటోన్, ఏది కావాలంటే అది ఆ గాలిలో ఉంటుంది. ఆ చేప నాలుగేళ్లు దర్జాగా బతికింది. ఎందుకంటే ఆవిడకు మొదట్లోనే మూడు పనులు చేసిపెట్టాను. పంపును వెనక వరండాలో పెట్టి, గోడకు కన్నం చేసి పైపు లోపలికి లాగాను. ట్యాంకుకు ఖాళీల్లేని మూత వేశాను. ఫిల్టర్‌లో కార్బన్ నెలనెలా మార్చాను.

ఇక మీ ఇంట్లో వాసన ఎందుకొస్తోంది? ఫ్రెషనర్ కొనే ముందు అడగాల్సింది ఇదే. బాగున్న ట్యాంకుకు నీచు వాసన రాదు. మూత తీసి ముక్కు పెడితే తడి మట్టి వాసన, చెరువు గట్టు వాసన లాంటిది రావాలి. నీచు వాసన, ఘాటు వాసన వస్తోందంటే మేత ఎక్కువవుతోందనో, అడుగున కుళ్లు పేరుకుందనో, ఎక్కడో రాయి వెనక చచ్చిన చేప ఉందనో అర్థం. కుళ్లిన గుడ్డు వాసనైతే గులకరాళ్ల కింద గాలి ఆడక హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతోంది. మీది నెలన్నర ట్యాంకు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గోల్డ్ ఫిష్‌లు తిండిపోతులు, మలమూత్రాలూ ఎక్కువే.

పైగా మీవి హైదరాబాదు బోరు నీళ్లయి ఉండొచ్చు. పీహెచ్ (నీళ్ల పులుపు, క్షార గుణం కొలిచే అంకె) 8 దగ్గర, నీటి వేడి 30 డిగ్రీలు ఉంటే నీళ్లలో ఉన్న అమ్మోనియాలో 7 శాతం పైగా విషపు రూపంలో ఉంటుంది. అదే పీహెచ్ 7 అయితే ఒక శాతం లోపే. ఒకే మురికి, రెండు ఊళ్ల నీళ్లలో రెండు రకాలుగా పనిచేస్తుంది. అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది, కాలిన మొప్పలతో ఆక్సిజన్ అందదు. గోల్డ్ ఫిష్‌లు పొద్దున్నే నోళ్లు తెరవడానికి నాకు మొదట తోచే కారణం ఇదే. దాని మీద నూనె పొర, దాని మీద దోమల మందు. ఒక్కోటీ విడిగా అయితే తట్టుకునేవేమో.

ఒక డాక్టరు గారింట్లో కూడా ఇలాగే ఫ్రెషనర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నారు. టెస్ట్ చేస్తే అమ్మోనియా రంగు ముదురు ఆకుపచ్చకు పోయింది, అంటే బాగా ఎక్కువ ఉన్నట్టు. పనమ్మాయి, నానమ్మ, మనవడు, ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు మేత వేస్తున్నారు.

ఈరోజు మీరు చేయాల్సినవి చెబుతాను, ఇదే వరసలో చేయండి.

ఫ్రెషనర్ తీసేయండి. దోమల మిషన్ హాల్లో ఉంటే పడకగదికి మార్చి ఆ తలుపు వేసుకోండి. కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసి ఒక గంట గాలి మారనివ్వండి. తర్వాత ఒక మామూలు తెల్ల టిష్యూ పేపర్‌ను నీటి మీద పరిచి, ఒక వైపు నుంచి నెమ్మదిగా లాగి తీసేయండి. జిడ్డు దానికి అంటుకుని వస్తుంది. నాలుగైదు కాగితాలు పట్టొచ్చు. న్యూస్‌పేపర్ వాడేవాళ్లున్నారు గానీ సిరా ఎందుకు, టిష్యూ చాలు.

రెండు పెద్ద బకెట్లు, అంటే 40 లీటర్లు నీళ్లు తీసి అంతే కొత్త నీళ్లు పోయండి. మున్సిపల్ నీళ్లైతే యాంటీ క్లోరిన్ కలపాలి. బోరు నీళ్లైతే అక్కర్లేదు గానీ, ట్యాంకర్ నీళ్లైతే కలపడమే మంచిది. వేడి తేడా లేకుండా చూసుకోండి. రేపు మళ్లీ ఇంకో రెండు బకెట్లు. ఒకేసారి మొత్తం మార్చేయొద్దు, నీళ్లు ఒక్కసారిగా మారితే చేపలు తట్టుకోలేవు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి, తీసిన పాత నీళ్లలోనే పిండండి, అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది అందులోనే.

షాపులో యాక్టివేటెడ్ కార్బన్ 100 గ్రాములు తెచ్చి, కడిగి, గుడ్డ సంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టండి. సువాసన నూనెలనూ దోమల మందునూ అది బాగా పట్టుకుంటుంది. అమ్మోనియాను మాత్రం పట్టుకోదు, దానికి నీళ్లు మార్చడమే మందు. మూడు నాలుగు వారాల తర్వాత ఆ కార్బన్ తీసి పారేయండి. పొయ్యి బొగ్గు, ఇస్త్రీ బొగ్గు దీనికి పనికిరావు.

రెండు రోజులు మేత ఆపేయండి. గోల్డ్ ఫిష్‌కు ఏమీ కాదు, దాని చూపులకు కరగకండి. ఉప్పు, నీలం మందు, పసుపు మందు, షాపువాడు ఏది ఇచ్చినా ఇప్పుడు వేయొద్దు. జబ్బేమిటో తెలియకుండా వేసిన మందు కాలిన మొప్పలకు ఇంకో భారం. ఫిల్టర్ నోరు నీటి పైభాగాన్ని కదిలించేలా పైకి తిప్పండి.

చుక్కలు వేసి రంగు చూసే అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనండి. గౌరామీ ఖరీదు కంటే ఎక్కువే పడుతుంది. అయినా కొనండి.

పంపును వేరే గదికో బాల్కనీకో మార్చగలిగితే మార్చండి. సన్న పైపు నాలుగైదు మీటర్లు లాగినా గాలి బాగానే వస్తుంది. ట్యాంకు నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేదా పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడినుంచి నేల మీదికి వస్తాయి. బాల్కనీలో పెడితే వాన తగలకుండా చూసుకోండి. ఇంకో సంగతి, వానాకాలంలో మున్సిపాలిటీ వాళ్లు దోమల ఫాగింగ్ మిషన్‌తో వీధిలోకి వస్తారు. ఆ పొగలో ఉండేది పైరెత్రమ్, మాలాథియాన్ లాంటి మందులే. ఆ చప్పుడు వినబడగానే పంపు ఆపేసి, ఒక గంట తర్వాత వేయండి. అదే మున్సిపాలిటీ దోమల లార్వాను తినడానికి గుంటల్లో గంబూసియా చేపల్ని వదులుతుంది, అది వేరే కథ.

ఇంటికి పెస్ట్ కంట్రోల్ చేయించేటప్పుడు స్ప్రే కాకుండా జెల్ అడగండి. స్ప్రే తప్పదంటే పంపు ప్లగ్ తీసి, ట్యాంకును పెద్ద ప్లాస్టిక్ షీటుతో అంచులదాకా మూసి, లోపలి ఫిల్టర్‌ను మాత్రం నడవనివ్వండి. అది నీళ్లనే తిప్పుతుంది, బయటి గాలిని లాగదు. లాగే గొట్టం ఉంటే దాన్ని పీకేయండి. స్ప్రే అయిపోయాక కిటికీలు తెరిచి రెండు మూడు గంటలు గాలి ఆడాకే షీటు తీయండి. చేపలు కిక్కిరిసి ఉన్న ట్యాంకును మాత్రం అంతసేపు మూసి ఉంచకూడదు. ముందురోజే సగం చేపల్ని టబ్బులో వేరే ఇంటికి పంపడం నయం.

తర్వాత మళ్లీ ఫ్రెషనర్ కావాలనిపిస్తే జెల్ రకం, హాలుకు అవతలి చివర, పంపు లేని వైపు పెట్టుకోండి. అమ్మోనియా సున్నాకొచ్చాక వాసనే పోతుంది కాబట్టి మీకు దాని అవసరం ఉంటుందని నేననుకోను. అతిథులొస్తున్నారని స్ప్రే కొట్టాలంటే పంపు ఆపి, మూత వేసి, గుమ్మం దగ్గర ఒకసారి కొట్టండి. పది నిమిషాలాగి పంపు వేయండి.

టెస్ట్ చేశాక అమ్మోనియా ఎంత వచ్చిందో, పీహెచ్ ఎంతో ఇక్కడే రాయండి. ట్యాంకు వెనక వైపు ఫోటో ఒకటి పెట్టండి. చేపలవి అక్కర్లేదు, ఆ ఎక్స్‌టెన్షన్ బోర్డూ దానికి ఏమేం గుచ్చారో కనబడితే చాలు.